భోషాణం తెరుచుకోనప్పుడు: ఇంటి సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ మౌంట్ కాకపోతే

సర్వర్ రీబూట్ అయింది. ఫోటోల ఫోల్డర్ ఖాళీ, జెల్లీఫిన్‌లో సినిమాలు మాయం. జెడ్‌పూల్ స్టేటస్ కొడితే పూల్స్ ఏవీ లేవంటోంది. (జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే చాలా డిస్కులను కలిపి ఒకే నిల్వగా నడిపే ఫైల్ సిస్టమ్. ఆ నిల్వే పూల్.) ఇలాంటప్పుడు డేటా పోవడం కంటే, కంగారులో చేతికొచ్చిన కమాండల్లా కొట్టి దాన్ని మనమే పోగొట్టుకోవడం ఎక్కువ. డిస్కుల మీద ఉన్నది చాలాసార్లు చెక్కుచెదరకుండానే ఉంటుంది. దాని దాకా వెళ్లే దారిలో ఎక్కడో తలుపు పడి ఉంటుంది, అంతే.

"మౌంట్ కావట్లేదు" అనే మాట కింద నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. డిస్కులే కనబడకపోవడం ఒకటి. డిస్కులు కనబడినా వాటి మీది జెడ్‌ఎఫ్‌ఎస్ లేబుళ్లు దొరక్కపోవడం రెండోది. లేబుళ్లున్నా పూల్ ఇంపోర్ట్ కాకపోవడం, అంటే సిస్టమ్ దాన్ని వాడుకలోకి తెచ్చుకోలేకపోవడం మూడోది. ఇంపోర్ట్ అయ్యాక డేటాసెట్లు (పూల్ లోపలి ఫైల్ సిస్టమ్‌లు) మౌంట్ కాకపోవడం, అంటే ఫోల్డర్లుగా కనబడకపోవడం నాలుగోది. కింది నుంచి పైకి ఈ వరసలోనే చూసుకుంటూ రావాలి. మూడో మెట్టుకు వాడాల్సిన మందును మొదటి మెట్టు జబ్బుకు వాడితేనే అసలు నష్టం జరుగుతుంది.

కమాండ్లు నోటితో చెప్పుకునేటట్టే రాస్తున్నాను. మైనస్ అంటే ఆప్షన్ ముందు పెట్టే గీత. పెద్ద, చిన్న అని చెప్పని చోట చిన్న అక్షరమే. పెద్ద ఎఫ్, చిన్న ఎఫ్ వేర్వేరు పనులు చేస్తాయి కాబట్టి అక్కడ మాత్రం కళ్లు పెట్టి చదవండి. ఉదాహరణకు పూల్ పేరు భోషాణం అనుకుందాం. డెబియన్ మీద నాలుగు 8 టీబీ డిస్కుల రెయిడ్‌జెడ్1, అంటే ఒక డిస్కు పోయినా నడిచే అమరిక.

సంగతి తేలేదాకా ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. జెడ్‌పూల్ క్రియేట్, జెడ్‌పూల్ యాడ్, జెడ్‌పూల్ లేబుల్‌క్లియర్, వైప్‌ఎఫ్‌ఎస్ మైనస్ ఎ. "ఇదే పేరుతో మళ్లీ క్రియేట్ చేస్తే పాత డేటా కనబడుతుందేమో" అనే ఆలోచన వస్తే కుర్చీలోంచి లేచి మంచినీళ్లు తాగి రండి. ఎఫ్‌ఎస్‌సీకే లాంటి రిపేరు పనిముట్టు జెడ్‌ఎఫ్‌ఎస్‌కు లేదు, దాని కోసం వెతకొద్దు. విండోస్ మెషీన్‌కు తగిలించి చూడటం కూడా వద్దు. "డిస్క్ ఇనిషియలైజ్ చేయమంటారా" అని అది అడగ్గానే ఓకే నొక్కితే పార్టిషన్ టేబుల్ చెరిగిపోతుంది.

ముందుగా మాడ్యూల్ (కెర్నల్‌కు జెడ్‌ఎఫ్‌ఎస్‌ను నేర్పే భాగం) సంగతి, ఇది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కెర్నల్ అప్‌డేట్ తర్వాతి రీబూట్‌లోనే గొడవ మొదలైతే అనుమానం దీని మీదే పెట్టుకోవాలి. మోడ్‌ప్రోబ్ జెడ్‌ఎఫ్‌ఎస్ కొట్టండి. మాడ్యూల్ దొరకలేదంటే డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడు మాడ్యూల్‌ను మళ్లీ తయారుచేసే పనిముట్టు) స్టేటస్ చూడండి. కొత్త కెర్నల్‌కు సరిపోయే హెడర్లు లేకపోవడం వల్ల మాడ్యూల్ తయారై ఉండదు. లినక్స్-హెడర్స్ ప్యాకేజీ వేసి, డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ నడిపితే సరి. అంత తీరిక లేకపోతే గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌తో బూట్ చేయండి, పూల్ లేచి కూర్చుంటుంది. మాడ్యూల్ తయారైనా లోడ్ కాకపోతే సెక్యూర్ బూట్ అడ్డుకుంటోందేమో చూడాలి. ఉబుంటు, ప్రాక్స్‌మాక్స్ వాళ్లకు మాడ్యూల్ కెర్నల్‌తోనే వస్తుంది గనక ఈ తంటా అరుదు.

తర్వాత డిస్కులు. ఎల్ఎస్‌బీఎల్‌కే మైనస్ ఓ నేమ్, సైజ్, మోడల్, సీరియల్ అని కొట్టి, కనబడే సీరియల్ నంబర్లను కాగితం మీద రాసుకోండి. నాలుగు ఉండాల్సిన చోట మూడే ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్‌ను కాసేపు మరిచిపోయి డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు) చదవాలి. "సాటా లింక్ డౌన్" అని ఉంటే డిస్కుకు కరెంటో కేబులో అందడం లేదు. "రీడ్ ఎఫ్‌పీడీఎంఏ క్యూడ్" ఫెయిలైనట్టు వరుసగా వస్తుంటే డిస్కైనా కావచ్చు, కేబులైనా కావచ్చు. ఏదో తేల్చేది డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్. అందులో 199వ లైను యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. అది పెరుగుతోందంటే డేటా కేబులో, దాని బిగింపో, బ్యాక్‌ప్లేనో తేడా. 5, 197, 198 లైన్లలో సున్నా కాకుండా అంకెలు ఉండి, పెరుగుతున్నాయంటే పోతున్నది డిస్కే. 199 చూడకుండా డిస్కును వారంటీకి పంపేవాళ్లు ఎక్కువ. వంద రూపాయల కేబుల్ మార్చి చూశాకే ఆ పని.

కరెంటు వైపు కూడా ఓ కన్నేయండి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైను మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. ఒకే స్ప్లిటర్‌కు నాలుగు డిస్కులు తగిలిస్తే బూట్ సమయంలో వోల్టేజి పడిపోయి, ఒకటో రెండో లేవకుండా ఉండిపోతాయి. మళ్లీ రీబూట్ చేస్తే లేస్తాయి, దాంతో మనం దీన్ని సాఫ్ట్‌వేర్ గొడవ అనుకుంటాం. బయటి యూఎస్‌బీ పెట్టెలోంచి ఊడదీసిన డిస్కు అసలు తిరగకపోతే పవర్ కనెక్టర్ మూడో పిన్నును అనుమానించండి. కొత్త సాటా పద్ధతిలో ఆ పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోవాలని అర్థం. కాప్టన్ టేపు చిన్న ముక్కతో ఆ పిన్నును కప్పేస్తే తిరుగుతుంది. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే కేబుల్ కొనేటప్పుడు, ప్లాస్టిక్ పోతపోసిన రకం వద్దు. లోపల వైర్లు దగ్గరపడి షార్టయి కాలిపోయేవి అవే.

డిస్కులన్నీ కనబడ్డాయా? అయితే లేబుళ్లు. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో గుండెకాయ ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి డిస్కు మీద 256 కేబీ చొప్పున నాలుగు లేబుళ్లు రాస్తుంది, రెండు మొదట్లో, రెండు చివర్లో. పూల్ పేరు, ఏ డిస్కు ఏ గుంపులోది, ఏ మెషీన్ దాన్ని చివరగా వాడింది, అన్నీ అందులో ఉంటాయి. చదవడానికి జెడ్‌డీబీ మైనస్ ఎల్, ఆ తర్వాత డిస్కు మొదటి పార్టిషన్ దారి. డిస్కును మొత్తంగా ఇచ్చినా లినక్స్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ దాన్ని పార్టిషన్ 1, పార్టిషన్ 9గా విడగొట్టుకుంటుంది. డేటా ఒకటో దాంట్లో ఉంటుంది. పార్టిషన్ పేరు లేకుండా ఉత్త డిస్కు మీద కొట్టి, లేబుల్ లేదని బెంబేలెత్తకండి.

అవుట్‌పుట్‌లో చూడాల్సినవి ఇలా ఉంటాయి:

నేమ్: 'భోషాణం'
స్టేట్: 0
హోస్ట్‌నేమ్: 'ఇల్లు'
వీడెవ్_చిల్డ్రన్: 1
లేబుల్స్ = 0 1 2 3

చివరి లైనులో 0 1 మాత్రమే ఉండి 2 3 లేకపోతే డిస్కు తోక తెగింది. అంటే చివరి లేబుళ్లున్న చోటు ఇప్పుడు డిస్కు పరిధిలో లేదు. రెయిడ్ కార్డు తన సమాచారం కోసం చివర కొంత జాగా దాచుకోవడం వల్లో, యూఎస్‌బీ పెట్టెలోని చిప్ డిస్కును కాస్త చిన్నదిగా చూపించడం వల్లో ఇలా జరుగుతుంది. డిస్కును నేరుగా మదర్‌బోర్డు సాటాకు తగిలిస్తే సర్దుకోవచ్చు. కార్డు వాడక తప్పకపోతే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఉన్న హెచ్‌బీఏ (డిస్కులను ఉన్నవి ఉన్నట్టే సిస్టమ్‌కు చూపే కార్డు) వాడాలి, రెయిడ్ మోడ్ వద్దు.

వీడెవ్_చిల్డ్రన్ అంకె పూల్‌లో పై వరసలో ఎన్ని గుంపులున్నాయో చెబుతుంది. మీకు గుర్తున్నది ఒకే రెయిడ్‌జెడ్ గుంపు, ఇక్కడేమో 2 అని ఉందనుకోండి. ఎప్పుడో ఎవరో జెడ్‌పూల్ అటాచ్ బదులు జెడ్‌పూల్ యాడ్ కొట్టి, ఒంటరి డిస్కునొకదాన్ని పూల్‌కు అతికించి ఉండొచ్చు. ఆ డిస్కు లేకుండా పూల్ మామూలుగా లేవదు. కాబట్టి అల్మారాలో పడేసిన పాత డిస్కును ఇప్పుడు వెతకాలి.

ఇంకాస్త లోతుకు వెళ్లాలంటే జెడ్‌డీబీ మైనస్ ఎల్‌యూ. ఇది లేబుళ్లలోని ఊబర్‌బ్లాకులను చూపిస్తుంది. ఊబర్‌బ్లాక్ అంటే పూల్ మొత్తానికి వేరు, దాన్ని పట్టుకునే మిగతా చెట్టంతా ఎక్కాలి. ఒక్కో దాంట్లో టీఎక్స్‌జీ (ఒక విడత రాతల కట్ట) నంబరు, టైమ్‌స్టాంప్ ఉంటాయి. మామూలుగా ప్రతి 5 సెకన్లకు ఒక టీఎక్స్‌జీ నడుస్తుంది. నాలుగు డిస్కుల్లోనూ అన్నిటికన్నా పెద్ద టీఎక్స్‌జీని తీసి పక్కపక్కన పెట్టి చూడండి. లేబుల్ పైభాగంలో కూడా ఒక టీఎక్స్‌జీ ఉంటుంది గానీ అది పూల్ అమరిక మారినప్పుడు రాసింది, దాన్ని పోల్చి లాభం లేదు.

మూడు డిస్కుల్లో 41,20,000 దగ్గర ఉండి, నాలుగో దాంట్లో 40,00,000 దగ్గరే ఆగిపోయిందనుకుందాం. తేడా లక్షా ఇరవై వేలు. రోజుకు 86,400 సెకన్లు, 5తో భాగిస్తే 17,280. అంటే ఆ నాలుగో డిస్కు దాదాపు వారం కిందటే పూల్‌లోంచి జారిపోయింది, ఎవరూ గమనించలేదు. రెయిడ్‌జెడ్1 ఒక్క డిస్కు పోతే తట్టుకుంటుంది గనక వారమంతా కుంటుతూ నడిచింది. ఇవాళ రెండో డిస్కు కేబుల్ వదులవగానే కూలింది. ఇంతవరకూ తెలిశాక చేయాల్సింది స్పష్టం: వారం కిందట పోయినదాన్ని పక్కన పెట్టి, ఇవాళ పోయినదాన్ని ఎలాగైనా బతికించాలి. మూడు తాజా డిస్కులుంటే పూల్ లేస్తుంది. ఈ లెక్క చూడకుండా వారం నాటి డిస్కు మీద కుస్తీ పడితే రోజులు పోతాయి గానీ పని జరగదు.

ఆ రెండో డిస్కు నిజంగానే చెడు సెక్టార్లతో చస్తుంటే, ఏ ప్రయోగమైనా దాని నకలు మీదే చేయాలి. అంతే సైజు లేదా అంతకన్నా పెద్ద డిస్కు తెచ్చి డీడీరెస్క్యూ నడపండి. మొదటి విడత మైనస్ ఎన్‌తో, అంటే సులువుగా వచ్చేదంతా ముందు లాగేయడం. రెండో విడత మైనస్ డీ, మైనస్ ఆర్3తో మొండి సెక్టార్ల కోసం. రెండు విడతలకూ ఒకే మ్యాప్ ఫైలు ఇవ్వాలి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. నకలు పూర్తయ్యాక అసలు డిస్కును తీసేయడం మరవొద్దు. ఒకే గుర్తింపుతో రెండు డిస్కులు కనబడితే జెడ్‌ఎఫ్‌ఎస్ దేన్ని పట్టుకుంటుందో మన చేతిలో ఉండదు.

ఇప్పుడు ఇంపోర్ట్. పేరేమీ ఇవ్వకుండా జెడ్‌పూల్ ఇంపోర్ట్ మైనస్ డీ /డెవ్/డిస్క్/బై-ఐడి అని కొట్టండి. ఇది వెతికి చూపిస్తుంది తప్ప డిస్కుల మీద ఏమీ రాయదు. బై-ఐడి ఎందుకంటే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్ బూట్‌కూ మారతాయి. /ఈటీసీ/జెడ్‌ఎఫ్‌ఎస్/జెడ్‌పూల్.క్యాష్ ఫైల్లో పాత పేర్లు ఉండిపోయి, అవి ఇప్పుడు వేరే డిస్కులకు అంటుకోవడంతో పూల్ లేవకపోవడం మామూలే. ఇలా వెతికించి ఇంపోర్ట్ చేశాక, జెడ్‌పూల్ సెట్ క్యాష్‌ఫైల్‌తో ఆ ఫైలును కొత్తగా రాయించి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మైనస్ యూ కొడితే వచ్చేసారి తనే లేస్తుంది.

పూల్ వేరే సిస్టమ్ వాడుకలో ఉంది అని వస్తే చిన్న ఎఫ్ (బలవంతంగా ఇంపోర్ట్ చేయడం) అడుగుతోందన్నమాట. ఓఎస్ కొత్తగా వేశాక ఒకసారి ఇది రావడం సహజం, ఎక్స్‌పోర్ట్ చేయకుండా పాత ఓఎస్‌ను తీసేశాం కదా. కానీ ప్రాక్స్‌మాక్స్ కింద వర్చువల్ మెషీన్ (వీఎం)లో ట్రూనాస్ అనే నిల్వ ఓఎస్ నడిపేవాళ్లు ఇక్కడ ఆగాలి. డిస్కులను విడివిడిగా వీఎంకు ఇస్తే అవి హోస్ట్‌కు కూడా కనబడుతూనే ఉంటాయి. వీఎంలో పూల్ నడుస్తుండగా హోస్ట్‌లో మైనస్ చిన్న ఎఫ్ కొడితే ఇద్దరూ ఒకే పూల్ మీద ఒకరికి తెలియకుండా ఒకరు రాస్తారు. దాని తర్వాత మిగిలేది పచ్చడే. హెచ్‌బీఏ కార్డునే మొత్తంగా వీఎంకు అప్పగించాలి. మల్టీహోస్ట్ ప్రాపర్టీ ఆన్ చేస్తే రెండో ఇంపోర్ట్‌ను జెడ్‌ఎఫ్‌ఎస్సే అడ్డుకుంటుంది. అయితే హోస్ట్‌ఐడీ రెండు చోట్లా వేర్వేరుగా ఉండాలి, లేకపోతే జెడ్‌జెన్‌హోస్ట్‌ఐడీతో పెట్టుకోండి.

ఫీచర్లు సపోర్ట్ కావడం లేదంటే, కొత్త వెర్షన్‌లో జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కొట్టి పాత వెర్షన్‌కు వచ్చారు. పూల్‌కు వెనక్కి దారి లేదు, ఓఎస్సే ముందుకు రావాలి. కొన్ని ఫీచర్లకు రీడ్-ఓన్లీ ఇంపోర్ట్ కుదురుతుంది, ఆ సంగతి మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. లాగ్ డిస్కు (సింక్ రాతలను ముందుగా రాసిపెట్టుకునేది) ఒక్కటే పోతే మైనస్ చిన్న ఎమ్ చాలు. చివరి క్షణాల సింక్ రాతలు పోతాయి, పూల్ ఉంటుంది. స్పెషల్ వీడెవ్‌ను (మెటాడేటా దాచే గుంపును) ఒకే ఎస్‌ఎస్‌డీ మీద పెట్టి అది పోతే మాత్రం మెటాడేటా దానితోనే పోయినట్టు. దాన్ని మిర్రర్‌గా పెట్టమని ఎంత చెప్పినా వినరు.

ఇక అందరినీ హడలగొట్టే మెసేజ్: ఐ/ఓ ఎర్రర్, పూల్‌ను నాశనం చేసి బ్యాకప్ నుంచి మళ్లీ తయారు చేసుకోండి. అది ఆజ్ఞ కాదు, ప్రోగ్రామ్ చేతులెత్తేసినప్పుడు చెప్పే ఒకే ఒక్క మాట. అసలు కారణం /ప్రోక్/ఎస్‌పీఎల్/కేస్టాట్/జెడ్‌ఎఫ్‌ఎస్/డీబీజీమెసేజ్ ఫైల్లో ఉంటుంది. ఇంపోర్ట్ ఫెయిలైన వెంటనే దాని చివరి యాభై లైన్లు చదవండి. ఎస్‌పీఏ_లోడ్ అని మొదలై ఫెయిల్డ్ అనే లైను, దాని పక్కన ఎర్రర్ నంబరు దొరుకుతాయి. లినక్స్‌లో 5 అంటే చదవడంలోనే లోపం, 6 అంటే డివైస్ లేదు, 52 అంటే చదివింది గానీ చెక్‌సమ్ కలవలేదు. 5, 6 వస్తే మళ్లీ హార్డ్‌వేర్ దగ్గరికే వెళ్లండి. 52 అయితేనే పూల్‌ను అంతకు ముందటి స్థితికి వెనక్కి తిప్పడం గురించి ఆలోచించాలి. ర్యామ్ చెడ్డా 52 వస్తుంది కాబట్టి మెమ్‌టెస్ట్ ఒక రాత్రి నడిపి ఆ తర్వాత.

వెనక్కి తిప్పేముందు రీడ్-ఓన్లీగా ప్రయత్నించాలి. జెడ్‌పూల్ ఇంపోర్ట్ మైనస్ చిన్న ఓ రీడ్ఓన్లీ=ఆన్, మైనస్ పెద్ద ఎన్, మైనస్ పెద్ద ఆర్ /ఎమ్‌ఎన్‌టీ, భోషాణం. పెద్ద ఎన్ అంటే ఇప్పుడే మౌంట్ చేయొద్దని, పెద్ద ఆర్ అంటే మౌంట్ చేసినప్పుడు అన్నీ ఆ ఫోల్డర్ కిందికి రావాలని. మామూలుగా లేవని పూల్ ఇలా లేవడం తరచూ చూసేదే, ఎందుకంటే రాయాల్సిన పనులేవీ నెత్తిన ఉండవు. లేస్తే వెంటనే కాపీ మొదలుపెట్టండి. రీడ్-ఓన్లీలో కొత్త స్నాప్‌షాట్ తీయలేరు. పాత స్నాప్‌షాట్లుంటే జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్, లేకపోతే మౌంట్ చేసి ఆర్‌సింక్.

అదీ కుదరకపోతే వెనక్కి తిప్పే మైనస్ పెద్ద ఎఫ్, దాని పక్కన మైనస్ చిన్న ఎన్. చిన్న ఎన్ ఉంటే ఏమీ మార్చదు, వెనక్కి తిప్పడం కుదురుతుందా లేదా అని మాత్రం చూస్తుంది. కుదిరేటప్పుడు పూల్ ఏ సమయానికి వెళ్తుందో, ఎన్ని సెకన్ల డేటా పోతుందో కూడా సాధారణంగా మెసేజ్‌లోనే చెబుతుంది. పన్నెండు సెకన్లు పోతాయంటే నిస్సంకోచంగా చిన్న ఎన్ తీసేసి కొట్టొచ్చు.

ఇంకా వెనక్కి తిప్పే పెద్ద ఎక్స్, పెద్ద టీ దింపుడు కళ్లం ఆశ. పెద్ద టీకి జెడ్‌డీబీ మైనస్ ఎల్‌యూలో చూసిన పాత టీఎక్స్‌జీల్లో ఒకటి ఇస్తాం. ఆషిఫ్ట్ 12 (అంటే 4 కేబీ సెక్టార్లు) ఉన్న డిస్కులో ఊబర్‌బ్లాకులకు 32 అరలే ఉంటాయి, అవి తిరిగి తిరిగి నిండుతుంటాయి. నిరంతరం రాసే పూల్‌లో అది మూడు నిమిషాల చరిత్ర కూడా కాదు. అందుకే పూల్ చెడిందనగానే దాని మీద రాతలు ఆపమనేది. పెద్ద టీని రీడ్-ఓన్లీతో కలిపే వాడాలి, వీలైతే నకలు డిస్కుల మీద. ఇలా తిప్పేటప్పుడు డేటా అంతటినీ తిరగేసి చూసి గంటలు తింటుంది. ఎస్‌పీఏ_లోడ్_వెరిఫై_డేటా, ఎస్‌పీఏ_లోడ్_వెరిఫై_మెటాడేటా అనే రెండు మాడ్యూల్ పారామీటర్లను 0 చేస్తే ఆ పరీక్ష మానేస్తుంది.

పూల్ ఇంపోర్ట్ అయింది, స్టేటస్‌లో ఆన్‌లైన్ అనే ఉంది, ఫోల్డర్ మాత్రం ఖాళీ. ఇక్కడ ప్రాణభయం లేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ గెట్ మౌంటెడ్, మౌంట్‌పాయింట్, క్యాన్‌మౌంట్, కీస్టేటస్ అని నాలుగూ ఒకేసారి అడగండి. కీస్టేటస్ అన్అవైలబుల్ అంటే ఎన్‌క్రిప్షన్ తాళం తీయలేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ లోడ్-కీ మైనస్ ఎ, ఆ తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్ మౌంట్ మైనస్ ఎ. క్యాన్‌మౌంట్ నోఆటో అయితే పేరు పెట్టి మౌంట్ చేయాలి. మౌంట్‌పాయింట్ లెగసీ అయితే ఎఫ్‌స్టాబ్ చూసుకోవాలి. రికవరీ సమయంలో పెద్ద ఆర్‌తో ఇంపోర్ట్ చేసి మరిచిపోతే అన్నీ /ఎమ్‌ఎన్‌టీ కింద ఉంటాయి, ఎక్స్‌పోర్ట్ చేసి మామూలుగా ఇంపోర్ట్ చేస్తే సరి.

ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే డాకర్ చేసే అల్లరి మరొకటి. పూల్ మౌంట్ కాకముందే కంటైనర్లు లేచి, ఖాళీ మౌంట్ ఫోల్డర్‌లో తమ ఫోల్డర్లు తయారు చేసుకుని బూట్ ఎస్‌ఎస్‌డీ మీద రాసేస్తాయి. తర్వాత పాత జెడ్‌ఎఫ్‌ఎస్ "డైరెక్టరీ ఖాళీగా లేదు" అని మౌంట్‌కు ఒప్పుకోదు. 2.0 నుంచి ఓవర్‌లే ఆన్‌లో ఉంటుంది కాబట్టి దాని పైనే మౌంట్ అవుతుంది, కింద రాసింది మరుగున పడి ఎస్‌ఎస్‌డీ ఎందుకు నిండుతోందో అంతుబట్టదు. కింద ఏముందో చూడాలంటే మౌంట్ మైనస్ మైనస్ బైండ్‌తో రూట్‌ను వేరే ఫోల్డర్‌కు అతికించి అక్కడ వెతకండి. మళ్లీ జరగకుండా, పూల్ మౌంట్ కాని సమయంలో ఆ ఖాళీ ఫోల్డర్‌కు సీహెచ్ఏటీటీఆర్ ప్లస్ ఐ కొట్టేయండి, రూట్ కూడా అందులో రాయలేదు. డాకర్ సర్వీసుకు ఆఫ్టర్=జెడ్‌ఎఫ్‌ఎస్-మౌంట్.సర్వీస్, కండిషన్‌పాత్‌ఈజ్‌మౌంట్‌పాయింట్ అనే రెండు లైన్లు సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో చేర్చితే, పూల్ లేని రోజు డాకర్ కూడా లేవదు.

చేత్తో ఇంపోర్ట్ చేస్తే లేస్తుంది, బూట్‌లో మాత్రం లేవదు అంటే డిస్కులు ఆలస్యంగా కనబడుతున్నాయి. హెచ్‌బీఏలతో, యూఎస్‌బీ పెట్టెలతో ఇది ఎక్కువ. జెడ్‌ఎఫ్‌ఎస్-ఇంపోర్ట్-క్యాష్ సర్వీసుకు ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ=/బిన్/స్లీప్ 20 అని ఒక లైను. మొరటు మందే గానీ పనిచేస్తుంది.

అంతా లేచాక జెడ్‌పూల్ స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడటం) నడిపి, అది పూర్తయ్యేదాకా జెడ్‌పూల్ స్టేటస్ మైనస్ వీ చూస్తుండండి. పాడైన ఫైళ్లుంటే పేర్లతో సహా చెబుతుంది, వాటిని బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. వారం కిందట జారిపోయిన ఆ నాలుగో డిస్కు లాంటివి ఇకపై వెంటనే తెలిసేలా, పూల్‌లో జరిగేవి గమనించే జెడ్‌ఈడీకి మెయిల్ అమర్చండి: జెడ్‌ఈడీ.ఆర్‌సీ ఫైల్లో జెడ్‌ఈడీ_ఈమెయిల్_అడ్ర్ లైను. అది పెట్టి ఉంటే మెయిల్ మొదటి రోజే వచ్చేది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని యూపీఎస్ మానేయకండి. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోతోందని సర్వర్‌కు చెప్పలేదు. యూఎస్‌బీ డేటా పోర్టున్న చిన్న యూపీఎస్‌ను ఇన్వర్టర్ లైను మీదే పెట్టి నట్ సాఫ్ట్‌వేర్‌తో కలిపితే, బ్యాటరీ అడుగంటే లోపు సర్వర్ పద్ధతిగా ఆగిపోతుంది.